ఆరు వారాల పాలవైద్యం

ఇక్కడ మలేసియాలో, పోయిన నెల ఒక ఆదివారం పొద్దున తంగమణి అక్క ఇపో నుంచి కారు నడుపుకుంటూ సుంగై పెటానిలో ఉన్న మా ఇంటికి వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. హైవే మీద అంత దూరం ఒంటరిగా వచ్చి, కారు దిగీ దిగకముందే నామీద కేకలు మొదలుపెట్టింది. మా కాలనీలో వీధులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయట, ఇల్లు దొరక్క మూడు చుట్లు తిరిగిందట, చివరికి గేటు దగ్గర కరివేపాకు చెట్టు చూసి ఇది మనవాళ్ళ ఇల్లే అయుంటుందని ఆపిందట. కాఫీ తాగి, కాళ్ళు చాపుకుని, తన మోకాళ్ళ సంగతీ నా బీపీ సంగతీ కాసేపు మాట్లాడుకున్నాక, సంచిలోంచి ఒక లావుపాటి పాత పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. అట్ట ఊడిపోతే గుడ్డపట్టీతో కట్టి ఉంది. ఒక మూల చెదలు తినేశాయి.

"ఇల్లు అమ్మేశాను. నాన్న పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశాను. ఇదొక్కటే వెయ్యబుద్ధి కాలేదు. మీ అమ్మ పుస్తకం కదా, నువ్వే ఉంచుకో" అంది తమిళంలో.

మా అమ్మకు చదువు రాదు. ఏ భాషలోనూ ఒక్క అక్షరం గుర్తుపట్టేది కాదు. ఈ పుస్తకమేమో ఇంగ్లీషు పుస్తకం, విక్టోరియా రాణి ఏలుబడిలో లండన్‌లో అచ్చయిన ఇంటివైద్యం. అయినా తంగమణి అక్క అన్నది నిజమే. మా రబ్బరు ఎస్టేటులో ఆ పుస్తకం ఎవరికైనా చెందుతుందీ అంటే అది మా అమ్మకే. తిరగేసి చూస్తే నరాల జబ్బుల అధ్యాయం దగ్గర తానంతట అదే తెరుచుకుంది. ఆ పుటల అంచులు వేళ్ళ మరకలతో నల్లబడి ఉన్నాయి. ఆ మరకలు తంగమణి అక్క నాన్నగారివి. ఆయన మా డ్రెస్సర్. అంటే, డాక్టరు నెలకొక్కసారి వచ్చిపోయే ఎస్టేటు ఆసుపత్రిలో మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ డాక్టరు తనే అయినవాడు.

తంబయ్య డ్రెస్సర్ జాఫ్నా తమిళుడు. తెల్లని గంజిపెట్టిన చొక్కా, తెల్లని నిక్కరు, మోకాళ్ళదాకా తెల్ల మేజోళ్ళు, జేబులో గొలుసు గడియారం. ఆయన నడిచొస్తుంటే ముందు డెటాల్ వాసన వచ్చేది, ఆ వెనక ఆయన వచ్చేవాడు. కెడా రాష్ట్రంలో ఆ చుట్టుపక్కల ఎస్టేట్లలో ఉన్నవాళ్ళం చాలామందిమి విశాఖపట్నం, శ్రీకాకుళం పక్కనుంచి తాతల నాడు ఓడెక్కి వచ్చినవాళ్ళం కాబట్టి, ఆయన మాతో మాట్లాడీ మాట్లాడీ మా తెలుగు నేర్చుకున్నాడు. వాక్యం తెలుగులో మొదలై తమిళంలో ఇల్లు చేరేది. ఆ పుస్తకం ఆయనకు ఒక పాత బంగళా సామాన్ల గదిలో దొరికింది. ఎప్పుడో స్వదేశం వెళ్ళిపోయిన దొరసాని వదిలేసిన పెట్టెలో అది, దానితోపాటు ఒక కరెంటు పెట్టె. మందు సీసాలు సరిగ్గా రాని రోజుల్లో ఆ పుస్తకాన్ని ఆయన భక్తిగా చదివేవాడు. జ్వరాలకూ దెబ్బలకూ కొత్త వైద్యమే చేసేవాడు గానీ, గుండె దడ, వణుకు, కారణం లేని ఏడుపు, నిద్ర పట్టకపోవడం లాంటివి ఎవరైనా చెప్పారంటే ఆయన కళ్ళు మెరిసేవి. "నరంబు!" అనేవాడు. తమిళంలో నరాన్ని నరంబు అంటారు. మా లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, అదొక జబ్బు పేరైపోయింది. వాడికి మలేరియా, వీడికి నరంబు.

మా అమ్మకు నరంబు వచ్చింది నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు. అమ్మ పేరు పైడమ్మ. ఎస్టేటులో ఆమెంత తేలిక చెయ్యి ఎవరికీ లేదనేవారు. రబ్బరు చెట్టుకు గీత పెట్టడమంటే బెరడు మాత్రమే తెగాలి, లోపలి చెక్కకు కత్తి తగలకూడదు. తగిలితే చెట్టుకు పుండు పడుతుంది. అమ్మ చీకటుండగానే హాజరు పిలుపుకు వెళ్ళి, నుదుటికి దీపం కట్టుకుని, నాలుగొందల చెట్లకు గీత పెట్టి, ఒక్కదానికీ గాయం చెయ్యకుండా వచ్చేది. అలాంటిది ఆ ఏడు ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. మొదట కూర తిరగేస్తుంటే గరిట గిన్నెకు తగిలి టకటక మనేది. తర్వాత చెట్లకు గాయాలు. గీతల్లోంచి చిప్పల్లోకి కారిన రబ్బరు పాలెత్తే వేళకు ఫ్యాక్టరీ దగ్గర వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టేవారు, ఎస్టేటంతా వినబడేలా. ఆ గంట మోగితే చాలు అమ్మ ఒళ్ళు చెమటలు పట్టి, చెట్టు మొదట్లో కూలబడిపోయేది. తోట పనులు చూసే కండక్టర్ రెండుసార్లు మందలించాడు. మూడోసారి, "చెట్లు పాడుచేసే చెయ్యి మాకొద్దు, సీక్రం బాగుచేసుకో, లేకపోతే పేరు కొట్టేస్తా" అన్నాడు. పేరు కొట్టేస్తే లైనులో ఇల్లు ఉండదు. మా నాన్నను మేము అయ్య అనేవాళ్ళం. అయ్య మంచివాడు, మాట తక్కువ. ఆ సాయంత్రం గడప మీద కూచుని సైకిల్ చెయిను విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు. దానికేం జబ్బు లేదు పాపం.

మా మామ్మ, అంటే అయ్యను కన్నతల్లి, మాట ఎక్కువ. ఇంటి పెత్తనమంతా ఆవిడదే. "నరంబేటి, నరంబు! మా కాలంలో నరాలుండేవి కావు. పని ఉండేది" అనేది. అంటూనే తన వైద్యమేదో తనూ మొదలుపెట్టింది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటెక్కలేదు కాబట్టి దిష్టి గట్టిదేనని తేల్చింది. ఇంట్లో మాత్రం అందరం దగ్గి చచ్చాం. వేపాకు పొగ పెట్టింది. అదీ కాక, నది అవతల మలాయీ పల్లెలో మంత్రగాడు ఒకడుంటే, ఆ బొమోను పిలిపించి నిమ్మకాయలు కోయించింది. ఆయన ఏడు నిమ్మకాయలు కోసి నీళ్ళలో వేసి, అవి తేలిన తీరు చూసి, ఈ మనిషి లోపల ఒక మాట ఇరుక్కుని ఉంది, అది బయటికి రావాలి అని మలాయీలో అన్నాడు. మామ్మకు మలాయీ బాగా వచ్చు. కానీ ఆ మాట వినగానే ముఖం తిప్పుకుని, "సరేలా, నిమ్మకాయలు ఎంత సేపు నానాలో అది సెప్పు" అంది.

ఆఖరికి అయ్య అమ్మను డ్రెస్సర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, అందులో ఉన్న ప్రశ్నలన్నీ ఒక్కటీ వదలకుండా అడిగాడు. ఆ పుస్తకం రాసినవాళ్ళు చూసిన ఆడవాళ్ళంతా పెద్ద పెద్ద మేడల్లో సోఫాల మీద మూర్ఛపోయేవాళ్ళు.

"పైడమ్మా, నువ్వు నవలలు చదువుతావా?"

"నేదు బాబూ."

"పియానో వాయిస్తావా?"

"అదేటి బాబూ?"

"నడుం మరీ బిగించి కడతావా?"

"కైలీ బిగించే కడతాను బాబూ. నేకపోతే కొమ్మలకి తగులుకుంటాది."

ఆయన ఏదో దొరికినట్టు తల పంకించి కాగితం మీద రాసుకున్నాడు. "టీ తాగుతావా?"

"అది తాగకపోతే కాలు సెయ్యి ఆడదు బాబూ."

"ఆఁ! అదే!" అన్నాడు డ్రెస్సర్ గారు. టీ మానెయ్యమన్నాడు. ఒక వారం చన్నీళ్ళ తుండుతో వెన్నెముక రుద్దించుకోమన్నాడు. ఇనుము కలిపిన టానిక్ ఇచ్చాడు, పళ్ళు నల్లబడ్డాయి. ఘాటైన ఉప్పు సీసా ముక్కు దగ్గర పెట్టాడు. అమ్మకు తుమ్ములు వచ్చాయి గానీ, రబ్బరు పాలలో కలిపే అమోనియా వాసన రోజూ పీల్చే ముక్కుకు అదొక లెక్కా! ఇవేవీ కుదరక, ఇక కరెంటు పెట్టె బయటికి తీశాడు.

ఆ పెట్టెను నేను ఎన్నటికీ మరిచిపోను. నల్లకలప, లోపల ఇత్తడి చక్రాలు, పక్కన ఒక పిడి, రెండు తీగలు, తీగల చివర్న రెండు ఇత్తడి గొట్టాలు. రోగి గొట్టాలు రెండు చేతులా పట్టుకోవాలి, వైద్యుడు పిడి తిప్పాలి. రాణీగారి కాలంలో నరాలు నీరసించినవాళ్ళకు దాంతో సత్తువ ఎక్కించేవారట. డ్రెస్సర్ గారు చొక్కా చేతులు మడిచి తిప్పాడు. అమ్మ చేతులు కత్తి పట్టీ పట్టీ కాయలు కాసి ఉన్నాయి. "సీమలు పాకినట్టున్నాది బాబూ" అంది నెమ్మదిగా. ఆయన ఇంకా వేగంగా తిప్పాడు. "పెద్ద సీమలు" అంది. చూస్తూ నుంచున్న మండోరు, కూలీల మీద అజమాయిషీ చేసే మీసాల మనిషి, నవ్వి, ఇదేం కరెంటు ఇలా తెమ్మని గొట్టాలు తను పట్టుకున్నాడు. ఒక్క తిప్పుకు ఆసుపత్రి వాకిలి దాటి పడ్డాడు. ఆ తర్వాత మామ్మ, నా మోకాలికి పెట్టు బాబూ అని పట్టుబట్టి పెట్టించుకుని, నొప్పి పోయిందని లైన్లన్నీ చాటింది. ఆ దెబ్బతో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఎస్టేటు ముసలమ్మలంతా ఆసుపత్రి ముందు వరసకట్టి కూచునేవారు కరెంటు కోసం. డ్రెస్సర్ గారికి ఆ పిడి తిప్పీ తిప్పీ భుజం పట్టేసింది.

అమ్మ వణుకు మాత్రం తగ్గలేదు. అప్పుడాయన ఆ అధ్యాయం చివరి పుటలకు వెళ్ళాడు. అన్నీ విఫలమైనప్పుడు చెయ్యాల్సిన గొప్ప చికిత్స అక్కడుంది. ఆరు వారాల పడక. రోగిని ఇంటివాళ్ళనుంచి వేరుచేసి ఒక గదిలో పడుకోబెట్టాలి. లేవకూడదు. చదవకూడదు, రాయకూడదు, కుట్టకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు, ముఖ్యంగా బాధ కలిగించే సంగతులు. రెండు గంటలకోసారి పాలు తాగాలి.

"పాలా!" అంది అమ్మ. "తెల్లారినకాడినించీ నాను సేసేది పాలపనే గదా బాబూ. మళ్ళీ పాలేటి?"

రబ్బరు తోటలో పని చేసే ఆడదానికి ఆరు వారాలు పడక! లైన్లలో మూడు రోజులు అదే కబురు. కండక్టర్ పకపకా నవ్వాడు. డ్రెస్సర్ గారికి పౌరుషం వచ్చింది. గంజి చొక్కా మార్చుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, కొండమీద బంగళాకు నడిచివెళ్ళి దొర ముందు ఆ పుట తెరిచాడు. అక్కడ ఏం జరిగిందో తంగమణి అక్క వాళ్ళ నాన్న చెప్పగా వింది. దొర చాలాసేపు ఆ పుట చూసి, మా నాయనమ్మకు కూడా ఇదే చికిత్స చేశారు అన్నాడట. నయమైందా సార్ అని ఈయన ఆశగా అడిగితే, తెలియదు గానీ చచ్చేదాకా పాలు మాత్రం ముట్టలేదు అని, సంతకం పెట్టేశాడట. ఈ రోజుల్లో మా దేశంలో ఏ ఉద్యోగి నోట విన్నా ఎం.సి. అన్న మాటే, జబ్బు సెలవు కాగితం. మా ఎస్టేటులో ఆరు వారాల ఎం.సి. తీసుకున్న మొదటి మనిషి మా అమ్మ.

ఆసుపత్రిలో వెనకవైపు ఒక చిన్న గది. ఇనప మంచం, తెల్ల దుప్పటి, దోమతెర. కిటికీ అవతల బొప్పాయి చెట్లు. తలుపుకు డ్రెస్సర్ గారు ఒక పలక వేలాడదీశాడు. 'పేసక్కూడాదు' అని దానిమీద సుద్దతో తమిళంలో రాశాడు, మాట్లాడకూడదని. పాలు తెచ్చే పని మా ఇంటిదే. ఎస్టేటు గేటు దగ్గర ఆవులు పెంచే సర్దార్జీ పొద్దున పోసే పాలు మామ్మ కాచి ఉంచేది. బడి అయ్యాక నేను మోసేదాన్ని, మిగతా వేళల్లో మామ్మే. కోడలు పడుకుని ఉంటే అత్త రోజుకు ఆరుసార్లు పాలు మోయడం! మామ్మ లైనంతా వినబడేలా సణుగుతూ బయల్దేరేది. "రాణీగోరు పడుకున్నాది. దాసీది ఒస్తన్నాది, తొలగండి!" అనేది దారిలో ఎదురైనవాళ్ళతో. కానీ ఒక్కపూట కూడా ఆలస్యం చెయ్యలేదు, ఒక్కసారి కూడా పాలు చల్లారనివ్వలేదు.

అమ్మకు పడుకోవడం చేతకాలేదు. ఊహ తెలిశాక ఆమె పగటిపూట నడుం వాల్చి ఎరగదు. రెండోరోజు పొద్దున డ్రెస్సర్ గారు వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. మూడోరోజు వార్డు మొత్తం ఊడ్చి ఉంది, మాసిన కట్టుగుడ్డలన్నీ ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఇది ట్రీట్‌మెంట్ అమ్మా! వేలై సెయ్యకూడదు! దొరకు నేను ఏం సొల్లాలి?" అని, చీపుళ్ళన్నీ తీసుకెళ్ళి మందుల బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడిక అమ్మ నిజంగా పడుకుంది. పడుకున్న రోజునుంచి ఏడుపు మొదలైంది. నేను గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి అటు తిరిగి పడుకుని ఉండేది. దిండు తడిగా ఉండేది. ఏమీ మాట్లాడకూడదు కాబట్టి నేను ఏమీ అడిగేదాన్ని కాదు. నిజం చెప్పాలంటే, ఆ పలక నాకు ఎంతో సాయం చేసింది. ఎందుకు ఏడుస్తోందో నాకు తెలుసు.

అంతకు ముందు సంవత్సరం మా తమ్ముడు పోయాడు. పది నెలల వాడు. చంటిపిల్లల తల్లులంతా పనిలోకి వెళ్ళేముందు పిల్లలను ఆయాకొట్టంలో దింపి వెళ్ళేవారు. తాటాకు పాక, దూలానికి వరసగా చీర ఉయ్యాలలు, చూసుకోవడానికి ఒక ముసలావిడ. ఆ ముసలావిడ మా మామ్మే. ఆ రోజు నాకు కొంచెం ఒళ్ళు వెచ్చబడి బడి మానేసి మామ్మ దగ్గరే ఉన్నాను. తమ్ముడికి పొద్దుటినుంచీ జ్వరం, ఎండెక్కేసరికి ఒళ్ళు కాలిపోయి ఫిట్స్ వచ్చాయి. డ్రెస్సర్ గారు సైకిలు మీద పరుగున వచ్చాడు గానీ అప్పటికే అయిపోయింది. అప్పుడే పాలెత్తే గంట మోగింది. ఎవరో పైడమ్మను పిలుచుకొస్తామన్నారు. మామ్మ వద్దంది. "పాలెత్తనీండి. ఎత్తేసి ఒస్తాది గదా" అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. మామ్మ నా వైపు తిరిగి, "ఒలే గుంటా, నోరు మెదపకు" అంది. రెండు గంటల తర్వాత అమ్మ కావడికి రెండు పాలబకెట్లతో మా ముందునుంచే పాలకొట్టం వైపు వెళ్ళింది. నేను చూశాను. తను నన్ను చూసి నవ్వింది కూడా. బకెట్లు దించి, పాలు తూయించి, ఆ తర్వాతే వచ్చి ఉయ్యాల దగ్గర నిలబడింది.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ నాలుగో రోజున మళ్ళీ పనిలోకి వెళ్ళింది. మామ్మ ఇంకెవరి పిల్లలనూ చూడనని ఆయాపని మానేసింది. కాళ్ళ నొప్పులని చెప్పింది. అందరం నమ్మాం.

పడక మొదలై మూడు వారాలైంది. ఆ మధ్యాహ్నం బడి లేదు. మామ్మతో కలిసి నేనూ వెళ్ళాను. మామ్మ లోపలికి పాలు తీసుకెళితే నేను బయట కిటికీ కింద బొప్పాయి చెట్టు దగ్గర ఆడుకుంటూ ఉన్నాను. పాలెత్తే గంట మోగింది. లోపల గ్లాసు కింద పడిన చప్పుడు. ఆ వెనకే అమ్మ గొంతు. మూడు వారాలుగా వినని గొంతు.

"ఎందుకు సెప్పలేదు అత్తా?"

మామ్మ గాజుపెంకులు ఏరుతున్న చప్పుడు వినబడింది.

"కబురంపితే పరిగెత్తుకొచ్చీదాన్ని గదా. పాలు గడ్డకడితే ఎవులికి? ఎందుకు సెప్పలేదు?"

"నాకు నోరు రానేదే" అంది మామ్మ. ఆ గొంతు మామ్మదని నేను పోల్చుకోలేకపోయాను. "నువ్వు పాలెత్తినంతసేపూ నీ బిడ్డ బతికే ఉన్నాడనుకుంటావు గదా. ఎలాగా జన్మంతా ఏడవాల. ఆ రెండు గంటలయినా నీకు మిగల్సాలనుకున్నాను."

"ఆ రెండు గంటలూ నాను పాడుకున్నాను అత్తా" అంది అమ్మ. "సెట్టు సెట్టుకీ పాడుకుంటా ఎత్తినాను. నా పక్క వరసోళ్ళకి తెలుసు. తూకమేసినోడికి తెలుసు. గుంటకీ తెలుసు. అందరూ ఎరుగుదురు, నాను పాడతన్నాను. నా కొడుకు సచ్చిపోయి ఉంటే నాను పాట పాడినాను."

గుంట అంటే నేనే. కిటికీ కింద నేను అక్కడే కూచుండిపోయాను.

డ్రెస్సర్ గారు గ్లాసు పగిలిన చప్పుడు విని వచ్చాడు. తలుపు దగ్గర, ఆ పలక పక్కనే నుంచున్నాడు. నేను లేచి కిటికీ అంచులోంచి తొంగిచూశాను. పుస్తకం ప్రకారం ఆయన అప్పుడు లోపలికి వచ్చి మామ్మను బయటికి పంపాలి. ఆయన గడియారం తీసి చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

"తిట్టవే" అంది మామ్మ లోపల. "ఏడాది బట్టీ కాసుకున్నాను, ఇయ్యాల తిడతావు, రేపు తిడతావని. తిట్టు."

అమ్మ తిట్టింది. నా జన్మలో అమ్మ అత్తగారిని పల్లెత్తు మాట అనడం నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ రోజు మాత్రం తెలుగులో తిట్టింది, తెలుగు అయిపోతే తమిళంలో తిట్టింది, మధ్యలో మలాయీ మాటలు కూడా పడ్డాయి. ముసలమ్మ మంచం పక్కన నేల మీద కూచుని అన్నీ పడింది. చాలాసేపటికి అమ్మ అలిసిపోయింది. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత మామ్మ ముక్కు చీది, ఎప్పటి గొంతుతో, "అయినాదా? అయితే ఉండు. ఇంకో గలాసు అట్టుకొస్తాను. అది పారబోసుకున్నావు గదా" అంది.

మర్నాడు తలుపుకు ఆ పలక లేదు. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. మిగిలిన మూడు వారాలూ ఆ గది మా లైన్ల ఆడవాళ్ళకు పుట్టిల్లయిపోయింది. పని దిగి, కైలీ మీది రబ్బరు మరకలతోనే వచ్చి, మంచం చుట్టూ కూచుని, ఎవరెవరికి ఎప్పుడెప్పుడు ఏమేం జరిగిందో చెప్పుకునేవారు. పక్క వరసలో పాలెత్తిన నూకాలమ్మ ఒకరోజు అమ్మ చెయ్యి పట్టుకుని, "ఆ దినం నీ పాట ఇనలేక నాను సెవులు మూసుకున్నాను వదినా" అని చెప్పి ఏడ్చింది. నవ్వులూ ఉండేవి. మండోరు కరెంటు దెబ్బకు ఎగిరిపడిన తీరు ఒకామె రోజూ నటించి చూపించేది. అమ్మ పాలు మాత్రం తాను సగం తాగి మిగతాది వాళ్ళకు పంచేది.

ఆరు వారాలైంది. అమ్మ ఒంటికి కాస్త కండ పట్టింది. చేతుల వణుకు పూర్తిగా పోయిందని చెప్పలేను. గంట మోగితే ఒక్క క్షణం ఆగిపోయేది, చేతిలో ఏదుంటే అది దగ్గరికి అదుముకునేది, అంతే. కూలబడేది కాదు. మళ్ళీ కత్తి పట్టడానికి తను సిద్ధమే గానీ డ్రెస్సర్ గారు ఒప్పుకోలేదు. బంగళాకు మరోసారి నడిచాడు. ఆసుపత్రిలో ఆయా కావాలని, ఊడవకుండా ఉండలేని ఈ మనిషికన్నా ఆ పనికి తగినవాళ్ళు దొరకరని దొరకు చెప్పి అమ్మను అక్కడే పెట్టుకున్నాడు. ఎస్టేటు ముక్కలై అమ్ముడుపోయేదాకా అమ్మ అక్కడే పనిచేసింది. నరంబు అంటూ ఎవరైనా వస్తే డ్రెస్సర్ గారు పుస్తకం తెరిచి ప్రశ్నలు అడిగేవాడు, టానిక్ పోసేవాడు, శుక్రవారమైతే పిడి తిప్పేవాడు. అమ్మ మటుకు వాళ్ళను వెనక గదిలో కూచోబెట్టి ఒక గ్లాసు టీ ఇచ్చి, పక్కన కూచుని కట్టుగుడ్డలు మడతపెట్టుకుంటూ ఉండేది. ఏమీ అడిగేది కాదు. వాళ్ళే చెప్పేవారు.

అమ్మకు నయం చేసిందెవరన్నది మా లైన్లలో తేలని తగువు. డ్రెస్సర్ గారు చివరిదాకా అది పుస్తకం మహిమేనన్నాడు. మామ్మ బొమో నిమ్మకాయలదేననేది. అయ్య ఎవరి పక్షమూ చేరలేదు. నేను పెద్దయ్యి, టీచరునై, ఒకసారి అమ్మనే అడిగాను. "ఆ ఆరు వారాలూ నాకు పని సెప్పినోడు నేడు. అదొక్కటే తెలుసు నాకు" అంది. మామ్మ పోయిన రోజు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొద్దున పదింటికి ఆసుపత్రిలో అమ్మ ఒళ్ళోనే పోయింది. అయ్య తోటలో ఉన్నాడు, ఇంకా పాలెత్తలేదు. కండక్టర్, కొత్తవాడు, మంచివాడే, పాలెత్తేదాకా ఆగుదామా అన్నాడు. అమ్మ ఆయన ముఖంలోకి చూసి, "ఇప్పుడే సెప్పండి బాబూ. పాలు పోతే పోనీ" అంది. ఆయన మోటార్‌సైకిలెక్కి తనే వెళ్ళాడు.

ఇప్పుడు ఆ ఎస్టేటు ఉన్నచోట ఫ్యాక్టరీలున్నాయి. మా మనవరాలు దివ్య కౌలాలంపూర్‌లో ఇరవై మూడో అంతస్తులో పనిచేస్తుంది. దానికీ గుండెదడ వచ్చింది ఈ ఏడు. లిఫ్టులో ఊపిరాడక కూలబడిందట. డాక్టరు మంచి మాత్రలిచ్చారు, వాటితో నిద్ర పడుతోంది. రెండు వారాల ఎం.సి. ఇచ్చారు. ఆ సెలవు కాగితం చూపించడానికి పిల్ల ఎంత భయపడిందో, మా అమ్మ కండక్టర్‌కు కూడా అంత భయపడలేదు. ఆ సెలవులో నా దగ్గరే ఉంది. ఫోనులో ఒక గొంతు దానికి ఊపిరి పీల్చు, వదులు అని చెబుతుంటుంది. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేస్తుంది, నరాలకు మంచిదట. వెనకటి రోజులు మంచివని చెప్పే ముసలిదాన్ని కాను నేను. ఆ రోజుల్లో దివ్యకిచ్చిన మాత్రలుంటే అమ్మ అన్నాళ్ళు వణికేది కాదేమో. జ్వరానికి వేళకు మందుంటే అసలు ఏ కథా ఉండేది కాదు. కానీ ఒక్కటి ఆలోచిస్తాను. అమ్మ మంచం చుట్టూ చేరిన అంతమంది దీని చుట్టూ లేరు. ఉన్నదాన్ని నేనొక్కదాన్ని, మా ఇద్దరికీ సరిపడా భాష కూడా లేదు. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఇస్తుంది.

తంగమణి అక్క వెళ్ళిపోయాక ఈ కథంతా దానికి చెప్పాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. కరెంటు పెట్టె దగ్గర పడీ పడీ నవ్వింది. కిటికీ కింద కూచున్న సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. అదీ చెప్పాను. దివ్య ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, ఆ బేబీ పేరు ఏటి?" అంది తెలుగులో.

అరవై ఏళ్ళకు పైగా ఆ పేరు నా నోటెంట రాలేదు. మా ఇంట్లో ఎవరి నోటెంటా రాలేదు. ఆడవాళ్ళంతా ఆ గదిలో అన్ని మాటలు చెప్పుకున్నప్పుడు కూడా బాబు అనేవారు, పిల్లడు అనేవారు.

"సింహాద్రి" అన్నాను.

దివ్యకు ఆ మాట కొత్త. రెండుసార్లు నోట్లోనే పలికి చూసుకుని, "సిమ్మాద్రి" అంది పైకి. నేను దిద్దలేదు. మా మామ్మ వాణ్ణి ఉయ్యాల ఊపుతూ అలాగే పిలిచేది.